నాసిక్ సీసా, బల్ల గ్లాసు

ఆదివారం రాత్రి, మండవల్లి

మనవరాలు రూతు రాస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలి, మెత్తబరచకూడదు.

చర్చిలో ప్రభు బల్లకు ద్రాక్షరసం కాచేది ముప్పై ఏళ్లుగా నేనే. నిన్న రూతు ఏలూరు నుంచి చవకరకం వైను మూడు సీసాలు తెచ్చింది. ఇంట్లో చిన్న గ్లాసులంటే ప్రభు బల్లలో రసం పంచేందుకు నేను కడిగి ఆరబెట్టిన బల్ల గ్లాసులే. వాటిలోనే పోసుకున్నాం. బెంగళూరుది నేరేడుపండులా నాలుకను పట్టేసింది. గోవాది తియ్యగా జారిపోయింది. నాసిక్‌ది తాగి కళ్లు మూసుకుంటే కొల్లేటి మీద తొలివాన పడుతున్నట్టే ఉంది. ఏలూరు దాటి ఎరగని నేను ఎక్కడెక్కడో తిరిగాను.

కళ్లు తెరిస్తే గుమ్మంలో సంఘపెద్ద భార్య సువార్తమ్మ.

ఇవాళ ఆరాధన అయ్యాక పక్కకు పిలిచింది. "దగ్గు మందనుకుని తాగానని ఒక్కమాట అనండి మామ్మగారూ. లేకపోతే రసం పని ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"బల్ల గ్లాసులు వాడటం తప్పేనమ్మా, అందరి ముందూ ఒప్పుకుంటాను. దగ్గు మందని మాత్రం అనను."

బుధవారం సంఘం తేలుస్తుందట. ఆ పని పోతే ఈ చేతులు ఏం చేసుకోవాలో తెలియడం లేదు. అయినా నిన్న నాసిక్‌ది రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను. అదీ రాయి, రూతూ.