బొక్కలు మావి అన్న మాట

క్రెయిగీబర్న్, మెల్‌బోర్న్

విజయక్కకు,

నీ చెల్లె స్వరూప దండం పెట్టి రాసేది. బావ షుగరు ఎట్లా ఉంది? నీ మోకాళ్ళు మెట్లెక్కనిస్తున్నాయా, ఇంకా పొద్దంతా కుట్టుమిషను మీద వంగే ఉంటున్నావా? మేమిక్కడ క్షేమం అని మొదటే రాయడం మన ఆనవాయితీ. ఆ మాట ఈసారి ఆఖరున రాస్తాను, రాయగలిగితే.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో చెబితే పక్క గదిలో శ్రీజ వింటుంది. నా కూతురు తెలుగులో జవాబివ్వదు గానీ ఒక్క ముక్క వదలకుండా అర్థం చేసుకుంటుంది. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అందుకే కాగితం మీద రాసి, హన్మకొండ వస్తున్న మా పక్కింటివాళ్ళ చేతికి ఇస్తున్నాను.

ఇక్కడ చలికాలం. పొద్దున్నే కారు అద్దం మీది మంచు గీకి ఆఫీసుకు పోతాను, వచ్చేసరికి చీకటి. పని పాతదే, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. తప్పు పట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా మేనేజరు మెచ్చుకుంటాడు. ఇంట్లో కూడా ఐదేళ్ళుగా అదే ఉద్యోగం చేశానక్కా, పద్నాలుగేళ్ళ పిల్ల మీద.

శ్రీజ జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోందని నీకు తెలుసు. బీమ్ వీడియోలు పంపాను కదా, బెత్తెడు వెడల్పున్న దూలం, దానిమీద పల్టీలు. నేర్పేది హలీనా అని ఒక ఉక్రెయిన్ ఆవిడ. చిన్నప్పుడే ఆ దేశంలో పతకం గెలిచింది. ఆ దేశాలవాళ్ళు పిల్లలను రాచిరంపాన పెట్టి పతకాలు తెప్పిస్తారని విని, సరైన చేతిలో పడింది నా బిడ్డ అని పొంగిపోయాను. మొదటిరోజు ఆవిడకు మన నాన్న మాటే ఇంగ్లీషులో చెప్పాను, "తోలు మీది, బొక్కలు మావి" అని. తోలు ఊడేట్టు కొట్టినా సరే, ఎముకలు మాత్రం మాకు మిగల్చమని, నాన్న నిన్ను బడికి తీసుకుపోయినప్పుడు పంతులుకు చెప్పిన మాట. ఆ పంతులు బెత్తం దెబ్బకే కదా నీ చిటికెనవేలు విరిగి వంకర తిరిగింది. పక్కనున్న తల్లులందరూ నవ్వారు. హలీనా నవ్వలేదు. శ్రీజ పాదాల వైపు చూసి, "నాకు రెండూ వద్దు" అంది.

నాకు చప్పగా అనిపించింది. పిల్ల అలసిపోయిందంటే కూర్చోబెట్టేది. ఆకలంటే అరటిపండు పెట్టేది. ఇదేం మాస్టరమ్మ అని ఇంటికొచ్చి మా ఆయన రమేశ్ దగ్గర సణిగేదాన్ని. ఆవిడ పెట్టినంత తిండి నేను ఇంట్లో తగ్గించేదాన్ని. నిరుడు నువ్వు రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి చేసి పంపిన మలీద ముద్దలు ఉన్నాయే, పిల్ల బడి నుంచి రాకముందే డబ్బాతో సహా పక్కింటికి ఇచ్చేశాను. నీకు ఫోన్లో "మస్తు ఇష్టంగ తిన్నదక్కా" అన్నాను. అది పక్కనే ఉంది. విన్నది.

ఈస్టరు సెలవుల్లో కుడి చీలమండ నొస్తోందని చెప్పింది. రాష్ట్రం జట్టుకు సెలెక్షన్లు దగ్గర పడుతున్నాయి. "హలీనాకు చెప్పకు, లిస్టులకెల్లి తీసేస్తది" అన్నాను. రోజూ పసుపు నూనెలో కాచి పట్టు వేసి, క్లాసుకు పోయేముందు సబ్బుతో రుద్ది కడిగేదాన్ని. పసుపు అంత తొందరగా వదులుతుందా? ఒకరోజు నీలం చాప మీద పచ్చటి పాదం గుర్తు పడింది. హలీనా అది చూసి, పిల్లను కూర్చోబెట్టి, బొటనవేలితో చీలమండ మీద నొక్కింది. శ్రీజ అరవలేదట. పెదవి కొరుక్కుందట. అది చూశాకే తనకు భయమేసిందని హలీనా నాతో అంది.

నన్ను పిలిపించి, స్కాను తీయించేదాకా బీమ్ ఎక్కనివ్వనంది. నేను వాదించాను. అప్పుడు తన సంగతి చెప్పింది. ఆరేళ్ళప్పుడు తల్లే తీసుకుపోయి ఖార్కివ్‌లో ఒక ట్రైనర్‌కు అప్పగించిందట. పదిహేనేళ్ళకు బీమ్ మీద వెండి పతకం. పదిహేడేళ్ళకు దేశం జట్టు సెలెక్షన్లు. చీలమండ రెండు నెలలుగా నొస్తోందని తల్లికీ తెలుసు, ట్రైనర్‌కూ తెలుసు. మందు స్ప్రే కొట్టి ఎక్కించారు. చివర కిందికి దూకేటప్పుడు విరిగింది. నేల మీద పడి ఉండగానే ట్రైనర్ తల్లిని అడిగాడట, "నీకింకో కూతురుందా?" అని. ఉంది. వారం తిరక్కుండా చెల్లెల్ని తెచ్చి అప్పగించింది. హలీనా కుంటు తగ్గాక సర్కస్‌లో చేరి, ఆ సర్కస్‌తో ఈ దేశం వచ్చి ఉండిపోయింది. ఇప్పుడు ఆ ఊళ్ళో బాంబులు పడుతున్నాయి. ముసలి తల్లికి మందులు పంపిస్తుంది గానీ, ఫోనొస్తే ఎత్తదట.

అంతా విన్నాను. విని ఏమన్నానో తెలుసా అక్కా? "నీకు చేతకాలేదని నా బిడ్డకు చేతకాదా?" అన్నాను. ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కాదు, పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

ఆ వారమే ఇక్కడ కమ్యూనిటీ హాల్లో మనవాళ్ళ పిల్లాడి బర్త్‌డే. ఒక చేత బిర్యానీ ప్లేటు, ఒక చేత జిమ్నాస్టిక్స్ క్లబ్బుకు ఇచ్చే ఫిర్యాదు కాగితం పట్టుకుని తిరిగాను. హలీనాకు క్రమశిక్షణ లేదు, యుద్ధం కథలు చెప్పి పిల్లలను భయపెడుతోంది, మాకు వద్దు అని రాశాను. పిల్లలకు ఒక్క కథా చెప్పలేదావిడ. చెప్పింది నాకు, తలుపు వేసుకుని. దాన్నే రాయి చేసి ఆవిడ మీద వేశాను. తొమ్మిది మంది సంతకం పెట్టారు. ఒక్కరూ అవునా కాదా అని అడగలేదు. క్లబ్బువాళ్ళు హలీనాను మూడేళ్ళ పిల్లలను దొర్లించే క్లాసుకు మార్చారు.

సెలెక్షన్ల రోజు కొత్త కోచ్ "కాలు ఓకేనా?" అని అడిగాడు. శ్రీజ పైన గ్యాలరీలో ఉన్న నా వైపు చూసింది. నేను తలూపాను. అంతే అక్కా, నేను చేసింది అంతే. అది బీమ్ మీద ఒక్క తప్పు కూడా చేయలేదు. నేనే వెతికాను, దొరకలేదు. చివర కిందికి దూకేటప్పుడు పడింది. బొక్క విరిగితే చప్పుడు అంత దూరం వినబడదనుకునేదాన్ని.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎన్నాళ్ళ నుంచి నొప్పి అని అడిగితే, పిల్ల మళ్ళీ నా మొహమే చూసింది. "అమ్మను చూడకు, నాకు చెప్పు" అందావిడ. "సిన్స్ ఈస్టర్" అంది శ్రీజ. పది వారాలు. రెండు ఆపరేషన్లయ్యాయి. నడుస్తుంది. బీమ్ మాత్రం ఇక లేదు. రమేశ్ ఒక్క మాటే అన్నాడు, "నువ్వు తలూపినవ్. పక్కనే కూసోని నేను గూడ సూస్తనే ఉన్న." ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఉప్పందుకో, పప్పందుకో తప్ప మాటల్లేవు.

హలీనా చూడ్డానికి వచ్చింది. పిల్లను నవ్వించింది, పిండికట్టు మీద ఉక్రెయిన్ అక్షరాల్లో పేరు రాసింది. బయటికొచ్చాక నేను చేతులు పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. "బొక్కలు మావి అన్నావు. ఆ రోజు నిన్ను నమ్మాను" అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక శ్రీజ నా చేతి అన్నం తినడం లేదు. వాళ్ళ నాన్న పెడితే తింటోంది. మొన్న సర్వపిండి చేసి మంచం దగ్గర పెట్టి తిరిగి వస్తుంటే, ఎన్నడూ లేనిది తెలుగులో అడిగింది.

"పెద్దమ్మ వేలు ఇరిగినప్పుడు తాత ఏమన్నడు?"

దానికి తెలియక కాదు, ప్రతి పెళ్ళిలోనూ మనవాళ్ళు చెప్పుకుని నవ్వే ముచ్చటే కదా.

"ఇంక తొమ్మిదున్నయి కద అన్నడు" అన్నాను.

"నువ్వు నవ్వినవా?"

"అందరం నవ్వినం."

"పెద్దమ్మకు నొచ్చిందా?"

నాకు తెలియదన్నాను. అది గోడ వైపు తిరిగి పడుకుంది.

నిజంగానే నాకు తెలియదక్కా. నీకప్పుడు తొమ్మిదేళ్ళు. నలభై ఏళ్ళుగా ఆ కథలో నాన్న ఏమన్నాడో ఉంది, పంతులు ఏమన్నాడో ఉంది. నువ్వేమన్నావో లేదు. మనింట్లో ఎవరూ నిన్ను అడగలేదు.

డిసెంబరు సెలవులకు శ్రీజ నీ దగ్గరికి వస్తానంటోంది. నేను రాకుండా ఒక్కతే. పంపిస్తున్నాను. మలీద ముద్దలు చేసి పెట్టు. నేను పక్కింటికి ఇచ్చానని దానికి తెలుసు, నువ్వు కొత్తగా దాచాల్సిందేమీ లేదు.

బావకు నా నమస్తే చెప్పు. నన్ను దీవించమని అడిగే మొహం లేదు, దాన్ని దీవించండి. క్షేమం సంగతి ఆఖరున రాస్తానన్నాను. రమేశ్ ఆరోగ్యం బాగుంది. చలి తగ్గుముఖం పట్టింది. రాయగలిగింది ఇంతే.

వేలు సంగతికి జవాబు నాకు రాయకు అక్కా. శ్రీజకు రాయి, తెలుగులోనే. నొచ్చిందని రాయి.

నీ చెల్లె,
స్వరూప