వంటింటి గోడమీది స్విచ్చి

రెండో తేదీ, సోమవారం

తమ్ముడికి,

ఎలా ఉన్నావురా? మరదలి మోకాలి వాపు తగ్గిందా? మందు కడుపు నిండా తిన్నాకే వేసుకోమను, లేకపోతే మంట పుడుతుంది. పెద్దదాని దగ్గు పోయిందా? చంటివాడు నడుస్తున్నాడని రాశావు, మెట్ల దగ్గర ఏదైనా అడ్డం పెట్టారా? నీ ఒంటి సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. రాయకపోతే నేను ఏదేదో ఊహించుకుంటానని తెలిసి కూడా రాయలేదు. నా చదువు మూడో తరగతితో సరి. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మీ బావ నడుం నొప్పి అలాగే ఉంది. రోజూ చేపల వేటనుంచి రాగానే పడవలోంచి బ్యాటరీ విప్పి, భుజాన పెట్టుకుని, రేవునుంచి ఇరవై ఏడు మెట్లు ఎక్కి ఇంటికి తెస్తారు. వంటింట్లో స్టూలు మీద పెట్టి, ఛార్జరు తగిలించి, గోడమీది స్విచ్చి వేస్తారు. పొద్దున్నే మళ్ళీ మోత. ఆ బ్యాటరీ లేకపోతే ఇంజను స్టార్టు కాదు, దీపం వెలగదు, పడవలో చేరిన నీళ్ళు తోడే పంపు తిరగదు.

నువ్వు రాసింది ఆయనకి చదివి వినిపించలేదు. లారీలకు వైర్లు బిగించినట్టే ఛార్జరు పడవలో బిగించేస్తానన్నావు. రేవులో స్తంభానికి సాకెట్టు ఉంది కాబట్టి పడవ కట్టగానే వైరు తగిలిస్తే చాలు, మోత తప్పుతుందన్నావు. వద్దురా. నీళ్ళూ కరెంటూ ఒకచోట ఏమిటి? ఇక్కడి ఉప్పుగాలికి తాళంకప్పే నిలవదు. వైరు తీయడం మర్చిపోయి పడవ వదిలారంటే స్తంభం కూడా వెనకాలే వేటకి పోతుంది. పైగా ఆయనకి మతిమరుపు వస్తున్నట్టుంది. ఈ మధ్య రెండుసార్లు స్విచ్చి వేయడమే మర్చిపోయారు. అందుకని ఆ మాట ఇంక ఎత్తకు.

ఇట్లు
మీ అక్క

*

పదో తేదీ, మంగళవారం

తమ్ముడికి,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ముందే చెప్తున్నా, కంగారు పడకు. మీ బావ బాగానే ఉన్నారు. ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

పోయిన బుధవారం వల లాగడానికి ఇంజను ఆపారట. మళ్ళీ స్టార్టు చేయబోతే కిక్కురుమనలేదు. పంపు కూడా ఆగిపోయింది. ఒక చేత్తో నీళ్ళు తోడుకుంటూ, కాసేపు తెడ్డు వేసుకుంటూ ఎంతసేపు ఉన్నారో. చివరికి పక్క రేవు పడవవాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. ఆయన రెండు అరచేతులూ తోలు లేచిపోయాయి. వచ్చి గడపమీద కూలబడి అన్నారు:

"స్విచ్చి వేశాననే నాకు గుర్తు. పొద్దున చూస్తే ఆపి ఉంది. సగమైనా ఎక్కి ఉంటుందిలే అని పోయాను. ఇది మూడోసారి. తప్పు బ్యాటరీది కాదే, నా బుర్రది."

మర్నాడు ఊరికే మెట్లు దిగి, లెక్కపెట్టుకుంటూ ఎక్కి వచ్చారు. "ఇరవై ఏడే కదా?" అని నన్నడిగారు. చిన్నపిల్లాడు పంతులుగారికి ఎక్కం అప్పజెప్పినట్టు అడిగారు. ఆ తర్వాత ఇంజను తాళంచెవి మేకుకి తగిలించి, "పడవ ఎవరికైనా ఇచ్చేద్దాం. ఒడ్డుకి దారి మర్చిపోయే రోజు వస్తే, అది నీళ్ళమీద ఉండగా రాకూడదు" అన్నారు.

నేను ఏళ్ళ తరబడి కోరుకున్నది అదే. ఆయన ఇంట్లో ఉండాలనే. తీరా ఆ తాళంచెవి మేకుకి వేలాడుతుంటే అటు చూడలేక పొయ్యివైపు తిరిగి కూర్చున్నాను.

ఆ స్విచ్చి ఆపింది నేనేరా. మూడుసార్లూ నేనే. ఒకసారి మబ్బు పట్టిందని, ఇంకోసారి ఆయన దగ్గుతున్నారని, మూడోసారి ఏ కారణమూ లేదు, ఊరికే గుబులుగా ఉందని. ఆయన నడుం వాల్చగానే ఆపేసేదాన్ని. బ్యాటరీ నిండకపోతే వెళ్ళరు కదా అనుకున్నాను. మొదటి రెండుసార్లు వెళ్ళలేదు కూడా. నీ ఛార్జరు వద్దన్నది కరెంటు భయంతో కాదు. బ్యాటరీ పడవలోనే ఉంటే నా చెయ్యి అందదు కదా, అందుకు. మతిమరుపు అని నీకు రాసింది కూడా అన్నీ తెలిసే రాశాను. నీటిమీద ఏమవుతుందో అని ఏళ్ళ తరబడి భయపడ్డాను. చివరికి ఆ అయ్యేదేదో నా చేతులమీదే అయ్యేది.

శుక్రవారం ఆయన చేతులకి మందు రాస్తూ చెప్పేశాను.

"మీ బుర్రకేం కాలేదు. స్విచ్చి నేనే ఆపాను."

"ఏ రోజు?"

"మూడు రోజులూ."

"మూడూనా?"

"మూడూ."

తిడతారనుకున్నాను. ఆయన పెద్ద ఊపిరి వదిలి గోడకి చేరగిలబడ్డారు. "అయితే నేను వేశానన్నమాట. వేశాను కదా?" అని నాలుగుసార్లు అడిగి నా చేత నాలుగుసార్లూ అవుననిపించారు. కోపం ఆ తర్వాత వచ్చింది. రెండు రోజులు నాతో మాట లేదు. కూరలో ఉప్పు తగ్గితే ఆ సంగతి గోడకి చెప్పారు.

నిన్న నీ పాత ఉత్తరం తీసి, కూడబలుక్కుంటూ మొత్తం చదివి వినిపించాను. అంతా విని, "మీ తమ్ముణ్ణి రమ్మను. నీ చెయ్యి అందని చోట బిగించమను" అన్నారు. మళ్ళీ ఆయనే అన్నారు: "సాయంత్రం పడవ కట్టాక రేవులో వైరు తగిలించడం నీ పని. పొద్దున తీయడం నాది. నీకు భయం వేస్తే నోటితో చెప్పు. వింటానో లేదో అది వేరే సంగతి."

తాళంచెవి మేకుమీద లేదు. జేబులో వేసుకున్నారు.

కాబట్టి రా. ఛార్జరు నీళ్ళు తగలకుండా బాగా పైన బిగించు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెడతానన్నావు, రెండు పెట్టు. వైరు తగిలించి ఉన్నంతసేపూ ఇంజను స్టార్టు కాకుండా చేయొచ్చని రాశావు, అది తప్పకుండా చెయ్యి. ఛార్జి ఎంత ఎక్కిందో చూపించే ముల్లు ఏదైనా ఉంటే నాకు కనిపించేలా పెట్టు. చూడ్డానికే, ముట్టుకోను. బస్సులో కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు. నువ్వు వచ్చే రోజు ఆయన పడవ తీయరట. నేను ఆపింది కాదురా, తేదీ ఆయనే చెప్పారు: పదిహేను, ఆదివారం.

ఇట్లు
మీ అక్క