అన్న నింపిన గంటలు

1998 డిసెంబరు 30, బుధవారం

అన్న మీద ఒళ్ళు మండిపోతోంది. హైటెక్ సిటీలో వాళ్ళ ఆఫీసు ఇచ్చిన కొత్త సంవత్సరం డైరీ నా చేతిలో పెడితే ఎంత సంబరపడ్డానో! పళ్ళెమంత పెద్దది. పేజీకొక రోజు, రోజుకు గంటగంటకూ గీతలు. విప్పి చూస్తే మార్చి దాకా ప్రతి గీత మీదా తనే పెన్సిల్‌తో రాసేశాడు: కాలేజీ, కంప్యూటర్ క్లాసు, టైపింగు, ప్రార్థన.

"శనివారం లైబ్రరీ గంట ఏది, అన్నా?"

"కథలు సదివితే నౌకరొస్తదానే? ఆ గంట టైపింగుకిచ్చిన. రోజూ టిక్కు పెట్టు, రాత్రి నేను చూస్త."

"ఊపిరెప్పుడు తీసుకోవాల్నో గది గూడ రాయకపోయినవురా," అంది అమ్మ. అన్న నవ్వలేదు.

సాయంత్రం శేరిలింగంపల్లి స్టేషను దగ్గరి దుకాణంలో అరచేతిలో ఇమిడే డైరీ అడిగాను, గంటల గీతలు లేనిది.

"గింత చిన్నదాంట్ల ఏం పడ్తది బిడ్డా?" అన్నాడు దుకాణదారు.

అన్న పెత్తనం పట్టదు, అది చాలు. పెత్తనమంటే పెద్దతనమేగా! ఎంత సరైన మాట. ఇదంతా ఈ చిన్న డైరీలోనే రాస్తున్నాను.

కానీ దీన్ని దిండు కింద దాచుకున్నంత మాత్రాన నా శనివారాలు తిరిగొస్తాయా? అందుకే ఇందాక ఆ పెద్దదాన్ని తెరిచి, మార్చి దాకా పదమూడు శనివారాల్లోనూ టైపింగు కొట్టేసి, సిరాతో లైబ్రరీ అని రాశాను. రేపు చూసి కేకలేస్తాడు. వేయనీ. సిరా పోవాలంటే పేజీ చింపాలి. ఆఫీసు పేరున్న పేజీ చింపడానికి అన్నకు చేతులు రావు.