ముందు డిఫెండర్లు

ఆగస్టు 2

ఓ పేజీ, మన్నించు. ఇంజనీరింగ్ చదివిన యువకుడు నీ మీద దేశం గురించో ప్రేమ గురించో రాయాలి. నా వల్ల కావడం లేదు. ఇక మీదట ఇక్కడ రాయబోయేది ఒక్కటే ధర్మసందేహం — ఫాంటసీ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో డిఫెండర్లను ఎప్పుడు ఎంచుకోవాలి? భావితరాలు కూడా మన్నించాలి. వాళ్లకి వేరే పనుంటే మరీ మంచిది.

ఆగస్టు 4

నయా రాయపూర్ ఆఫీసు. కిటికీలోంచి అంత వెడల్పు రోడ్డు, దాని మీద రెండు ఆవులు. లంచ్ డబ్బా ఒక్కణ్ణే తిన్నాను.

సిద్ధాంతం: అందరూ గోల్ కొట్టేవాళ్ల వెంట పడతారు. వాళ్లు ఒక వారం కొడతారు, మూడు వారాలు అలుగుతారు. డిఫెండర్ అలా కాదు. అతని జట్టుకు గోల్ పడకపోతే చాలు, పాయింట్లు. అంటే ఏమీ జరగనందుకు మార్కులు. ఆ లెక్కన నా బతుక్కి ఈపాటికి కప్పు రావాలి.

ఆగస్టు 7

అమ్మ: "బంతేదిరా?"

ఫోన్‌లో ఉందన్నాను.

"మరి నువ్వేటి సేస్తావు?"

నిజంగా ఆడేవాళ్లని వంతులవారీగా ఎంచుకుంటామమ్మా, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఒకణ్ణి నేను తీసుకుంటే ఇంకొకరికి దక్కడు. వాళ్లక్కడ బాగా ఆడితే ఇక్కడ నాకు పాయింట్లు...

"అయితే ఆళ్లాడతారు, నువ్వలిసిపోతావు."

ఇంతకన్నా మంచి నిర్వచనం ఏ వెబ్‌సైట్‌లోనూ లేదు.

ఆగస్టు 9

తిల్దా నుంచి మా లీగ్ మిత్రుడు డబ్లూ ఫోన్. వెనకాల బియ్యం మిల్లు రొద. "ఈసారి మురళి రాకపోతే బంద్ చేసేద్దాం యార్. మనిద్దరికీ లీగ్ దేనికి, లూడో చాల్దా?"

లీగ్‌లో నేను, డబ్లూ, పుణె వెళ్లిపోయిన మా స్నేహితుడు మురళి. నాలుగోవాడు డబ్లూ బావ. ఎప్పుడూ రాడు. అతని వంతు మెషీనే ఆడుతుంది — ఆటో. దానికి తెలిసిన విద్య ఒక్కటే, పైనుంచి గోల్ వీరుల్ని ఏరుకుంటూ పోవడం. మురళి కూడా ఆటో అయిపోతే...

రాయను.

ఆగస్టు 10

మురళికి మెసేజ్: వచ్చే శనివారం సాయంత్రం ఏడింటికి డ్రాఫ్ట్. నీలం టిక్కులు పడ్డాయి. అంతే.

ఆగస్టు 12

రైల్వే కాలనీ మీదుగా ఇంటికి. నా దారి కాదు, అయినా. మురళి వాళ్ల నాన్న రిటైరయ్యాక ఇక్కడి క్వార్టర్ అప్పగించేశారు. సామాను విజయనగరం వెళ్లింది, మురళి పుణె వెళ్లాడు. ఊళ్లోకి రావడానికి వాడికిప్పుడు ఇల్లు లేదు.

ఆ వరండాలోనే మా డ్రాఫ్ట్. వాళ్లమ్మ మరమరాల గిన్నె ఖాళీ చేయించి, అందులో చీటీలు వేసి, కళ్లు మూసుకుని వంతులు తీసేది. "గొడవాడితే ఎవుడికీ లేదు, సీటీలు పొయ్యిలో ఏసెస్తాను." ఏటా గొడవ ఒక్కడి కోసమే. ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకునే ఆ లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్. వాడు మురళికి కావాలి, నాకూ కావాలి. మురళి గ్రౌండ్‌లో లెఫ్ట్ బ్యాకే. పక్కన నేను. "నువ్ బంతిని చూడు, మనిషిని నేను చూస్తా," అనేవాడు.

వరండాలో ఇప్పుడు ఎవరిదో కూలర్.

ఆగస్టు 16

మహోజ్జ్వల ఘట్టం. ఏడు గంటలు. నేను, స్పీకర్‌లో డబ్లూ, ఆటో గారు. మురళి పేరు పక్కన బూడిదరంగు చుక్క, అంటే ఇంకా రానట్టు. డబ్లూ నిట్టూరుస్తున్నాడు. చుక్క పచ్చగా మారింది.

"ఆగయా, వచ్చేశాడు! ఏరా మురళీ, నోరు పడిపోయిందా?"

మాట లేదు. మొదటి వంతు మురళిది. పొడుగు చేతుల చొక్కాని ఎత్తుకుపోయాడు. నా సిద్ధాంతం, నా మనిషి, నా కళ్ల ముందే.

"నీ చేలా, పక్కా శిష్యుడైపోయాడు భాయ్," అన్నాడు డబ్లూ. బంద్ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆగస్టు 17

అమ్మ అలిగింది. నిన్న సాయంత్రమంతా తన ఫోన్ నా దగ్గరే ఉంచుకున్నానట. చెల్లెలితో మాట్లాడుకోనివ్వలేదట. కూర మాత్రం రెండోసారి వడ్డించింది.

ఆగస్టు 24

మొదటి వారం. మురళి జట్టు చేతిలో చిత్తుగా ఓడాను. చొక్కాగాడి జట్టుకు గోల్ పడలేదు. ఇంత సంతోషంగా ఎప్పుడూ ఓడలేదు.

ఆగస్టు 25

ఎన్నాళ్లకో గ్రూప్‌లో మురళి. "అరేయ్, డ్రాఫ్ట్ సంగతే మర్చిపోయాన్రా, ఆ రోజు డ్యూటీ. అయినా గెలిచానట కదా. ఆటో భలే తీసింది."

డబ్లూ: "ఆటో డిఫెండర్‌ని ఫస్ట్ తియ్యదు భాయ్."

మురళి: "మరి ఎవడు తీశాడు?"

ఆగస్టు 26

ప్రశ్న అక్కడే ఉంది. రోడ్డు మీద ఇవాళ ఆవులు కూడా లేవు.

మధ్యాహ్నం మురళి నాకు విడిగా ఏదో టైప్ చేయడం మొదలుపెట్టాడు. ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఏమీ రాలేదు.

పేజీ, మొదట్లో అడిగిన క్షమాపణ ఉత్తదే. నీకు చెప్పకుండా చేసింది ఒక్కటి. వాడి అకౌంట్ ఆ వరండాలో తెరిచిచ్చింది నేనే. పాస్‌వర్డ్ వాళ్ల క్వార్టర్ నంబరు. క్వార్టర్ పోయింది, నంబరు ఇంకా తలుపు తీస్తోంది. డ్రాఫ్ట్ సాయంత్రం నా చేతిలో నా ఫోన్, ఒళ్లో అమ్మ ఫోన్.

పచ్చచుక్క నేనే.