ఫుల్ హ్యాండ్స్ జాకెట్

మెదక్,
బుధవారం.

నా బిడ్డ వినీలకు, మీ అమ్మ ప్రేమతోనూ కొంచెం కోపంతోనూ రాస్తున్నది.

ఫోన్‌లో చెబితే నడుమ నువ్వే మాట్లాడతావు. అందుకే ఉత్తరం. ఇది అయిపోయేదాకా నోరు మూసుకుని చదువు.

నిన్న పక్కింటి షకీలా ఫోన్ పట్టుకుని వచ్చింది. "అక్కా, జర చూడు. గిది నీ చెయ్యే కదా? హైదరాబాద్‌ల మన వినీల టాటూ దుకాణం బోర్డు మీదున్నది. మస్తు కూల్ అంటున్రు అందరు" అన్నది. చూశాను. నా కుడిచెయ్యే. మొన్న నువ్వొచ్చినప్పుడు జాకెట్ చేతులు పైకి మడుచుకుని రొట్టెలు చేస్తుంటే తీశావే, ఆ ఫోటో. కింద 'మా అమ్మ పచ్చబొట్టు, ఇప్పుడు మీ చేతిపై' అని రాయించావు. నన్ను ఒక్క మాట అడిగావా?

పచ్చబొట్టు కూల్ ఎప్పుడయింది బిడ్డా? నువ్వు తొమ్మిదో తరగతిలో ఉండగా మీ బడిలో మీటింగుకు బయలుదేరితే గడపలోనే ఆపావు. "అమ్మా, గా చేతులు కనవడకుంట రా. నా దోస్తులు మొరటోళ్లు అంటరు" అన్నావు. అప్పట్లో కూల్ అంటే గీయించుకున్న కనుబొమ్మలు, రంగేసిన గోళ్లు. ఫుల్ హ్యాండ్స్ జాకెట్లు కుట్టించుకున్నాను. ఎండాకాలంలో, పొయ్యి ముందర, పెళ్లిళ్లలో అవే. చెమటకాయలు లేస్తే పౌడరు తెచ్చిచ్చావు గానీ, ఇవెందుకు వేసుకుంటున్నావని ఒక్కనాడూ అడగలేదు. నా మనసు బాగా నొచ్చింది వినీలా.

ఇంకో సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మా రేగోడ్‌కు పచ్చబొట్లు పొడిచే ఆమె వచ్చినప్పుడు మా అక్కా నేనూ ఒకే చాప మీద కూర్చున్నాం. తేలు, చుట్టూ చుక్కలు కావాలని అక్కే చెప్పింది. "ఇద్దరికి ఒక్కటే ఉండాలె. సచ్చినంక ఎంట వచ్చేది గిదొక్కటే. గక్కడ నిన్ను గుర్తు పట్టొద్దా" అన్నది. మొదటి కాన్పులోనే పోయింది నా అక్క. ఆ గుర్తు నాకొక్కదానికే మిగిలింది. నువ్వేమో అడిగినవాళ్లందరికీ పొడుస్తున్నావు. రేపు మా అక్క ఎంతమందిని చూసి నేననుకోవాలి?

బోర్డు దించెయ్. ఆ గుర్తు ఇంకెవరికీ వెయ్యకు. నీ చేతిలో పనుంది, నా చెయ్యి లేకున్నా దుకాణం నడుస్తుంది. మీరు దాచమంటే దాచి, చూపమంటే చూపడానికి ఇది మీది కాదు. వచ్చే ఏడు ఇంకేదో కూల్ అవుతుంది. అప్పుడు మళ్లీ జాకెట్లు కుట్టించుకోవాలా? కుట్టించుకోను. ఉన్నవన్నీ నిన్ననే మోచేతుల పైకి కత్తిరించేశాను. షకీలా చూసి, "అక్కా, పరేషాన్ జేస్తున్నవ్" అన్నది. అయితే కానియ్, అన్నాను.

ఆదివారం వస్తున్నాను. దుకాణం తలుపు దగ్గరకు వేసి, ఫోన్ అవతల పెట్టి కూర్చో. నా ఎడమచేతికి నీ చేత్తోనే పచ్చబొట్టు పొడువు, అదే నువ్వూ పొడిపించుకో. ఏది కావాలో నువ్వే చెప్పు, నేను అడ్డం చెప్పను. దాన్ని కూడా బోర్డుకెక్కించావంటే మాత్రం, వచ్చినవాళ్లను వచ్చినట్టే వెళ్లగొట్టుకుంటూ నీ దుకాణం ముందరే కూర్చుంటాను.

నిన్ను కన్న మొరటుది,
రామమ్మ