అడుగున్నర గోడ, మీటరు గడి

మంగళవారం

కనేరిలో మా మగ్గాల షెడ్డుకు ఈ రోజు ఒక సర్వేయర్ వచ్చాడు. పైనుంచి తీసిన ఫొటో ట్యాబ్‌లో మా ఆయనకూ నాకూ చూపించి, మా వెనక గోడ గల్లీలోకి అడుగున్నర జరిగిందని, కూల్చాల్సి వస్తుందని అన్నాడు. కిట్టనివాళ్లెవరో పంపారనే నాకనిపించింది.

మా అమ్మాయి శ్రావణి ట్యాబ్ తీసుకుని ఫొటోను పెద్దది చేసింది. గోడ కాస్తా మసక గడులుగా విడిపోయింది. మా షెడ్డు వెడల్పు పది మీటర్లు. లెక్కపెడితే గడులూ పదే వచ్చాయి.

"బాపూ, ఒక్కో గడి ఒక మీటర్. దీంట్ల అడుగున్నర ఎట్ల కనపడ్తది? ఊకెనే బెదిరిస్తున్నడు. టేప్ పెట్టి కొలుద్దాం పా" అంది.

సర్వేయర్ వెంటనే సరేనని సంచిలోంచి టేప్ తీశాడు. అడ్డుపడింది మా ఆయనే.

"ఇప్పుడేం వద్దు తియ్యి. సార్‌కు చాయ్ తే పో."

పోయిన వానలకు ఆ గోడ కూలితే దగ్గరుండి కట్టించింది ఆయనే. అప్పుడు నేను పుట్టింట్లో ఉన్నాను. ఇందాక అన్నం వడ్డిస్తూ అడిగాను.

"గోడ ఏమన్న జరిపినవా?"

"గా ఫొటోల ఏం కనపడ్తలేదు గద" అన్నాడు.

జరపలేదని మాత్రం అనలేదు.