గోడ మీద కాదు, గుడ్డ మీద

అన్నయ్యకు నమస్కారాలు.

ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. ఈ సంగతి మధ్యలో ఆగకుండా చెప్పాలి కాబట్టి ఇన్నాళ్లకు కలం పట్టాను. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న నువ్వు పంపిన పార్సిల్‌లో పెట్టిన చీటీలో మూడు సంగతులు అడిగావు. నా మోకాలు నయం. మీ బావగారు చక్కెర మానలేదు, మానినట్టు నటిస్తున్నారు. మూడోది, అంతకుముందు నువ్వు పంపిన టార్చి ఎలా ఉందని. దానికి జవాబు రాసేముందు మా కార్ఖానా కబురు చెప్పాలి.

నా పని నీకు తెలుసుగా. పరదాల గుడ్డ తానులు చీకటి అరల్లో టార్చి వేసి వెతికి తీయించి, రంగు కలిసినవాటిని జతచేసి కటింగ్ మాస్టారికి పంపడం. కిందటి నెల ఒక సభాభవనానికి ముదురు ఎరుపు పరదాలు కుట్టాం. అక్కడ కిటికీలకు కట్టాక చూస్తే సగం ఎరుపు, సగం ఇటుక రంగు. మొత్తం వెనక్కి వచ్చాయి. కోసేటప్పుడు తానులు కలగలిపేశారని సూపర్‌వైజరు మాస్టారిని బల్ల దగ్గర్నుంచి తీసి, అట్టపెట్టెలు కట్టే చోట కూర్చోబెట్టాడు. ఇరవై రెండేళ్లు కత్తెర పట్టిన మనిషి. నెలాఖరుకి మానేస్తానని చెప్పేశారు. నేను రోజూ ఆయన పక్కనుంచి తల వంచుకుని వెళ్లేదాన్ని.

కిందటి సోమవారం సూపర్‌వైజరు అందరికీ కొత్త టార్చీలు కొందామని నాలుగు రకాలు తెప్పించాడు. అందరూ గోడ మీద వేసి చూస్తున్నారు.

"ఇది చూడండి, పాలలా ఉంది."

"దీనికి పచ్చకామెర్లు వచ్చినట్టున్నాయి, పక్కన పెట్టు."

"మనం కోసేది గోడని కాదు కదండీ, గుడ్డ మీద వేసి చూద్దాం" అన్నాను.

"ఏమిటమ్మా?" అన్నాడు సూపర్‌వైజరు. నా సన్నటి గొంతు సంగతి నీకు తెలిసిందే. మళ్లీ చెప్పాను.

వెనక్కి వచ్చిన పరదాల్లోంచి రెండు రంగుల ముక్కలు తెచ్చి అర కింద చీకట్లో పరిచాను. ఆ పాలలాంటి టార్చి వెలుగులో నీలిఛాయ ఉంది. దాని కింద రెండూ ఒకటే రంగు. రెండోదాంట్లో ఆకుపచ్చ ఛాయ, ఎరుపు నల్లబడింది. కామెర్ల టార్చి ఎరుపులను విడదీసింది గానీ, తెల్ల అస్తరునీ మీగడ రంగు అస్తరునీ కలిపేసింది. నాలుగోది మరీ తెలుపూ కాదు, మరీ పసుపూ కాదు, పొద్దెక్కిన ఎండలా ఉంది. అన్నిటికంటే మసకగా వెలిగేదీ అదే. కానీ దాని కింద ఎరుపు ఎరుపులా, ఇటుక ఇటుకలా విడిపోయాయి. ముక్కల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. అచ్చం అలాగే ఉన్నాయి.

"మరి ఈ రెండూ ఒకటేనని జత చేసిందెవరు?" అన్నాడు సూపర్‌వైజరు.

అన్నయ్యా, ఇన్నాళ్లూ నీ దగ్గర దాచింది ఇదే. జత చేసింది నేను, నువ్వు పంపిన టార్చితో. దానిదీ ఆ పాలలాంటి నీలితెలుపు వెలుగే. మా అన్నయ్య టార్చి అంటూ అందరికీ చూపించుకున్నాను. దాని వెలుగు చూసుకుని, తానుల్ని కిటికీ దగ్గరికి మోయించే అలవాటు మానేశాను. కోతబల్ల మీది ట్యూబులైట్లదీ అదే నీలితెలుపు, అందుకే మాస్టారి కంటికీ పట్టలేదు. పరదాలు తిరిగొచ్చిన రోజే నాకు అర్థమైంది. పన్నెండు రోజులు నోరు మెదపలేదు. ఆయనకి మేలు చెయ్యమని రోజూ దేవుణ్ణి వేడుకున్నాను. చెయ్యాల్సింది నేనని తెలిసీ దేవుడి మీదికి నెట్టాను. టార్చి భలేగా ఉందని నీతో ఫోన్లో అన్నదీ అబద్ధమే.

"నేనే జత చేశాను. మాస్టారి తప్పు లేదు" అన్నాను. ఈసారి ఎవరూ ఏమిటమ్మా అనలేదు.

మాస్టారు అట్టపెట్టెల మధ్యనుంచి లేచి వచ్చారు. "పన్నెండు రోజులు పట్టిందా అక్కా, ఈ ముక్క అనడానికి?"

"క్షమించండి మాస్టారూ."

"తర్వాత చూద్దాం. ముందు ఆ నాలుగో టార్చి ఇలా ఇవ్వు" అని నేరుగా తన బల్ల దగ్గరికి నడిచారు. సూపర్‌వైజరు నన్ను నాలుగు చివాట్లు పెట్టాడు, పడ్డాను. తర్వాత అతనే నాలుగో రకం డజను తెప్పించి, వాటితో రంగులు ఎలా చూడాలో అందరికీ నాచేతే చెప్పించాడు. నీ టార్చి మా ఇంటి మెట్ల దగ్గర పెట్టాను. మెట్లు దిగడానికి అంతకన్నా మంచిది లేదు, ఇది నిజం.

నిన్న సభాభవనంలో కొత్త పరదాలు కట్టారు. మాస్టారూ నేనూ వెళ్లి చూశాం. నిండా ఎండ పడుతున్నా ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే ఎరుపు. ఆయన అంచు చేత్తో తడిమి, "మన పనే అక్కా" అన్నారు. నేను గట్టిగా, అక్కడున్న అందరికీ వినిపించేలా, "అవును, మన పనే" అన్నాను.

ఈ కాగితాలు చింపకు, దాచు. ఎవరికీ చూపించకు, వదినకు కూడా.

ఇట్లు,
నీ చెల్లెలు